కాగితం కథలు – 17: అంటీముట్టని జిగురు

ఇంగ్లండులోని డరమ్ పట్టణానికి బిషప్పుగా ఉన్న రిచర్డ్ డి బరీకి పుస్తకాలంటే ప్రాణం. ఎంత ప్రాణమంటే, 1345లో పుస్తకాల మీద ప్రేమ గురించి లాటిన్‌లో ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. దాని పేరు ఫిలోబిబ్లాన్. పుస్తకాన్ని ఎలా పట్టుకోవాలి, ఎలా దాచుకోవాలి అని చెప్పే అధ్యాయం ఒకటి అందులో ఉంది. అక్కడ ఆయన కోపమంతా ఒక కుర్ర విద్యార్థి మీద. చలికి ముక్కు కారుతున్నా ఆ కుర్రాడు తుడుచుకోడు. మట్టి పట్టిన గోటితో నచ్చిన చోట గీత పెడతాడు. పండ్లూ జున్నూ పుస్తకం మీదే తింటాడు. వీటన్నిటినీ మించి బిషప్పుకు ఒళ్లు మండించినవి గడ్డిపరకలు. గుర్తుంచుకోవలసిన చోటల్లా ఆ కుర్రాడు ఒక పరక దూర్చి, కొస బయటికి కనిపించేలా వదిలేస్తాడు. తర్వాత తీయడం మరిచిపోతాడు. పుస్తకం పొట్ట ఉబ్బుతుంది, పరకలు లోపలే కుళ్లుతాయి. గడ్డిని అరిగించుకునే కడుపు పుస్తకానికి ఎక్కడిదని ఆయన బాధ.

ఆ కుర్రాడి పని తప్పే కావచ్చు, అతని అవసరం మాత్రం తప్పు కాదు. చదివేవాడికి ఆగిన చోటు గుర్తుండాలి. మళ్లీ వెతుక్కోకుండా ఆ మాట చేతికి రావాలి. మన ఇళ్లలో ఆ పని చేసినవి ఎన్నో. పిల్లల పుస్తకాల్లో నెమలీక, అది పిల్లలు పెడుతుందన్న నమ్మకంతో పేజీల మధ్య భద్రంగా దాచుకున్నది. ఎండి ఈనెలు తేలిన రావి ఆకు. బస్సు టిక్కెట్టు, అగరుబత్తి పుల్ల, పాత శుభలేఖ ముక్క. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలను తిరగేస్తే ఇలాంటివి ఇప్పటికీ రాలిపడతాయి.

రాలిపడడమే చిక్కు. విడిగా పెట్టినది పుస్తకం తలకిందులైతే జారిపోతుంది. పైగా అది పేజీని చూపుతుందే తప్ప పంక్తిని చూపదు. మూల మడిస్తే కాగితం విరుగుతుంది. పెన్సిలుతో గీస్తే గుర్తు పోదు గాని, అరువు తెచ్చుకున్న పుస్తకం మీద గీయడానికి మర్యాద అడ్డొస్తుంది. గత సంచికలో చెప్పుకున్న జెమ్ క్లిప్పు గట్టిగానే పట్టుకుంటుంది, కానీ ఆ పట్టులో కాగితం మీద అచ్చు పడుతుంది, చెమ్మ తగిలితే తుప్పు మరక దిగుతుంది. నిలవాలి, అవసరం తీరాక వదలాలి, వదిలాక జాడ మిగలకూడదు. ఈ మూడూ ఒక్క చోట కుదరడానికి డి బరీ తర్వాత ఆరు వందల ఏళ్లకు పైగా పట్టింది.

ఆ లోపల చదువరులు వేరే దారి తొక్కారు. పుస్తకంలో గుర్తు పెట్టడం మాని, పుస్తకంలోని మాటనే చీటీ మీదికి ఎత్తుకోవడం మొదలుపెట్టారు. జ్యూరిక్ పండితుడు కాన్రాడ్ గెస్నర్ 1545లో, అంతవరకు వచ్చిన లాటిన్, గ్రీకు, హీబ్రూ పుస్తకాలన్నిటికీ ఒక పట్టిక ఉండాలన్న పూనికతో ఒక గ్రంథం వెలువరించాడు. మూడేళ్ల తర్వాత, 1548లో వెలువరించిన తరువాయి గ్రంథంలో తన పనితీరును దాచుకోకుండా చెప్పాడు. మంచి కాగితం తీసుకుని ఒకే వైపు రాయాలి. ఒక్కో విషయం కొత్త పంక్తిలో మొదలవాలి. తర్వాత కత్తెరతో ముక్కలుగా కోయాలి. ముక్కలను ముందు పెద్ద కుప్పలుగా, ఆ పైన చిన్న కుప్పలుగా వేరు చేయాలి. వరస పూర్తిగా కుదిరాకే అతికించాలి.

ఈ ఆఖరి మాటలోనే అసలు సంగతి ఉంది. జిగురు పెట్టేదాకా చీటీ ఎటైనా కదులుతుంది. జిగురు పెట్టిన మరుక్షణం ఆలోచన గడ్డకడుతుంది. అందుకే గెస్నర్ ఆ ఘట్టాన్ని వీలైనంత వెనక్కి నెట్టాడు.

స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్‌కూ ఇదే ఇబ్బంది ఎదురైంది. ప్రపంచం నలుమూలల నుంచి కొత్త మొక్కలు వచ్చిపడుతుంటే, కుట్టిన నోటు పుస్తకంలో వాటికి చోటు ఎక్కడ చూపాలి? 1760ల చివర్లో ఆయన ఒకే కొలతకు కోసిన విడి చీటీలకు మారాడు. ఒక్కో చీటీ మీద ఒక్కో జాతి. అవి ఇప్పటికీ లండన్‌లోని లిన్నేయన్ సొసైటీలో ఉన్నాయి.

చీటీల బలం, బలహీనత రెండూ ఒక్క చోట చూడాలంటే మాత్రం ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దగ్గరికే వెళ్లాలి. 1879లో జేమ్స్ మర్రే సంపాదకుడిగా పని అందుకున్నప్పుడు, అంతకుముందు ఇరవై ఏళ్లలో పోగైన చీటీలు బస్తాలకొద్దీ ఆయన ఇంటికి చేరాయి. ఒక బస్తాలో చచ్చిన ఎలుక దొరికింది. ఇంకోదానిలో ఎలుక పిల్లలతో కాపురమే పెట్టింది. చీటీల బరువు రెండు టన్నుల దాకా ఉంటుందని అంచనా. వాటిని పెట్టడానికి మర్రే తోటలో రేకుల షెడ్డు ఒకటి వేయించి, గోడలకు వెయ్యికి పైగా చిన్న చిన్న అరలు చేయించాడు. వేల మంది స్వచ్ఛందంగా చదువుతూ చీటీలు రాసి పంపారు. ఎడమవైపు పైన మాట, కింద పుస్తకం పేరు, ఏడాది, పేజీ, ఆ తర్వాత ఆ మాట వాడిన వాక్యం. అంత క్రమంగా నడిచిన పనిలో కూడా ఒక మాట జారిపోయింది. దాసి అన్న అర్థమిచ్చే ‘బాండ్‌మెయిడ్’ తాలూకు చీటీలు ఎక్కడో తప్పిపోయి, ఆ మాట లేకుండానే సంపుటం అచ్చయింది. చివరికి 1933 అనుబంధంలో గాని దానికి చోటు దక్కలేదు.

విడి చీటీ కదులుతుంది, అందుకే పోతుంది కూడా. అతికించిన చీటీ పోదు, అందుకే కదలదు. ఇరవయ్యో శతాబ్దం నడిమి దాటేదాకా చదువుకునేవాళ్లు ఈ రెంటిలో ఒకటి ఎంచుకోక తప్పలేదు.

ఇక కథ అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి మారుతుంది. 1902లో అక్కడి టూ హార్బర్స్ అనే చిన్న ఊళ్లో ఐదుగురు కలిసి ఒక గనుల కంపెనీ పెట్టారు. సానరాళ్లకు పనికొచ్చే కురువిందం తవ్వి అమ్మాలని వాళ్ల ఆశ. తవ్వి చూస్తే దొరికింది కురువిందం కాదు, ఆ పనికి ఏమాత్రం పనికిరాని రాయి. కంపెనీ మూతపడే దశ దాటి, గరుకు కాగితం తయారీతో నిలదొక్కుకుంది. మిన్నెసోటా మైనింగ్ అండ్ మాన్యుఫాక్చరింగ్ అనే ఆ పొడుగు పేరే తర్వాత 3ఎం అయింది.

గరుకు కాగితం నమూనాలు ఇవ్వడానికి కార్లకు రంగులేసే షాపులకు తిరుగుతూ ఉండేవాడు రిచర్డ్ డ్రూ అనే కుర్ర ఉద్యోగి. అప్పట్లో కార్లకు రెండు రంగులు వేయడం మోజు. ఒక రంగు మీద కాగితం అంటించి రెండోది వేసి, కాగితం లాగితే కింది రంగు కూడా ఊడొచ్చేది. పనివాళ్ల తిట్లు విన్న డ్రూ, అంటుకుని మళ్లీ మర్యాదగా ఊడివచ్చే టేపు చేసి ఇస్తానన్నాడు. పై అధికారి విలియం మెక్‌నైట్ ఆ పని ఆపమన్నా ఆపలేదు. 1925లో మాస్కింగ్ టేపు వచ్చింది. ఆ అనుభవంతో మెక్‌నైట్ కూడా మారాడు. ఉద్యోగులు తమ సమయంలో 15 శాతం వరకు సొంత ఆలోచనల మీద పెట్టవచ్చన్న పద్ధతి ఆ కంపెనీలో పాతుకుపోయింది. ఈ పద్ధతే లేకపోతే తర్వాతి కథ జరిగేది కాదు.

స్పెన్సర్ సిల్వర్ 1966లో కొలరాడో విశ్వవిద్యాలయంలో సేంద్రియ రసాయనశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకుని 3ఎం పరిశోధనశాలలో చేరాడు. 1968లో ఆయనకు అప్పగించిన పని విమానాల తయారీలో వాడగలిగేంత గట్టి జిగురు కనిపెట్టడం. అణువులను గొలుసులుగా కలిపే రసాయనం ఒకటుంది. అది ఎంత వేయాలో పుస్తకాలు చెబుతాయి. సిల్వర్ ఆ మోతాదు దాటించి, ఏమవుతుందో చూద్దామని ఎక్కువ వేశాడు. గట్టి జిగురు రాలేదు. కంటికి ఆనని గోళాలు తయారయ్యాయి. అవి కరగవు, చిదమవు, ఒక్కొక్కటీ విడివిడిగా జిగటగా ఉంటాయి.

మామూలు జిగురు పొరలా పరుచుకుని రెండు తలాలనూ నిండా పట్టేసుకుంటుంది. సిల్వర్ గోళాలు అలా కాదు. పీట మీద ఆవాలు చల్లి వాటిపైన అప్పడం పెడితే, అప్పడం పీటను తాకదు, ఆవగింజల నెత్తిని మాత్రమే తాకుతుంది. ఇక్కడా అంతే. కాగితానికీ బల్లకూ మధ్య గోళాలు చుక్కలు చుక్కలుగా తాకుతాయి. ఆ కాస్త పట్టు కాగితం బరువును మోయడానికి చాలు, కాగితాన్ని చింపడానికి చాలదు. లాగితే గోళం పగలదు కాబట్టి మళ్లీ అంటించవచ్చు. దుమ్ము కప్పేసేదాకా ఆ జిగట పనిచేస్తూనే ఉంటుంది.

1970లో పేటెంటుకు దరఖాస్తు వెళ్లింది, 1972లో మంజూరైంది. దాన్ని దేనికి వాడాలో మాత్రం ఎవరికీ తోచలేదు. సిల్వర్‌కు తోచింది ఒక్కటే, బోర్డు మీద ఈ జిగురు పూస్తే గుండుసూదులు లేకుండా కాగితాలు అంటించుకోవచ్చని. ఆ వస్తువు పెద్దగా అమ్ముడుపోయేది కాదు. అయినా ఆయన వదల్లేదు. ఏళ్ల తరబడి కంపెనీలో ఒక విభాగం తర్వాత ఇంకో విభాగానికి వెళ్లి, తన గోళాలను చూపించి ఉపన్యాసాలిచ్చాడు. పట్టువదలని సిల్వర్ అని తోటివాళ్లు పేరు కూడా పెట్టారు. కనిపెట్టిన రోజు కంటే, ఎవరూ పట్టించుకోని ఆ ఏళ్లలోనే సిల్వర్ గొప్పతనం ఎక్కువ కనిపిస్తుంది. ప్రయోగశాలలో అనుకోకుండా ఏదో తయారవడం చాలామందికి జరిగి ఉంటుంది. ఐదేళ్లపాటు దాన్ని భుజాన మోసుకుని తిరిగేవాళ్లు అరుదు.

ఆ ఉపన్యాసాల్లో ఒకటి విన్నవాడు ఆర్థర్ ఫ్రై. టేపుల విభాగంలో కొత్త సరుకులు తయారు చేయడం ఆయన పని. కాలేజీలో రసాయన ఇంజినీరింగు చదువుతుండగానే, 1953లో కంపెనీలో చేరినవాడు. ఈ వింత జిగురు సంగతి మొదట గోల్ఫ్ ఆడుతూ తోటి ఉద్యోగి చెబితే విన్నాడు. తర్వాత వెళ్లి సిల్వర్ మాటలు విన్నాడు. విని, మనసులో ఓ మూల పడేశాడు.

ఫ్రై ఆదివారాలు నార్త్ సెయింట్ పాల్‌లోని తన చర్చి బృందంలో పాడేవాడు. బుధవారం రాత్రి సాధన. ఆ వారం పాడవలసిన కీర్తనల దగ్గర కాగితం ముక్కలు పెట్టుకునేవాడు. ఆదివారం లేచి నిలబడి పుస్తకం తెరిస్తే ముక్కలు కిందకి రాలేవి, లేదా కుట్టు సందులోకి జారిపోయేవి. పక్కవాళ్లు పాట ఎత్తుకుంటుంటే ఆయన పేజీ వెతుక్కుంటూ ఉండేవాడు. 1974లో అలాంటి ఒక ఆదివారం, ప్రసంగం సాగుతుండగా, సిల్వర్ జిగురు గుర్తొచ్చింది. కాగితానికి అంటాలి, కాగితాన్ని పాడు చేయకుండా రావాలి. డి బరీ విద్యార్థికి కావలసి వచ్చింది కూడా అదే.

మర్నాడే కంపెనీకి వెళ్లి జిగురు అడిగి తెచ్చుకుని మొదలుపెట్టాడు. తొలి ముక్కలు మొండికేశాయి. ఊడేటప్పుడు గోళాలు ముక్కను వదిలి పుస్తకం పేజీకి పట్టుకునేవి. ప్రయోగానికి వాడిన కీర్తనల పుస్తకంలో కొన్ని పేజీలు ఇప్పటికీ అతుక్కునే ఉన్నాయని ఫ్రై తర్వాతి రోజుల్లో చెప్పేవాడు. ఈ చిక్కు విప్పినవాళ్లు హెన్రీ కోర్ట్నీ, రోజర్ మెరిల్. చీటీ కాగితానికి ముందుగా ఒక పూత వేసి, గోళాల అడుగు భాగం అందులో గుంటలో కూర్చున్నట్టు నిలిచేలా చేశారు. అప్పుడు జిగురు చీటీతోనే వచ్చేసేది. పాఠ్యపుస్తకాలు సిల్వర్ పేరు, ఫ్రై పేరు చెప్పి ఆగిపోతాయి. ఈ ఇద్దరి పూత లేకపోతే ఆ చీటీ ఏ పుస్తకంలోనూ పెట్టడానికి తగినది కాదు, అందుకని వీళ్ల పేర్లూ అక్కడే ఉండాలి.

అయినా అప్పటికి తయారైంది పేజీ గుర్తు మాత్రమే. పేజీ గుర్తు ఒకటి కొంటే ఏళ్లు నడుస్తుంది, వ్యాపారానికి అది లాభం కాదు. ఒకరోజు ఫ్రై పై అధికారికి ఒక నివేదిక పంపుతూ, అడగవలసిన ప్రశ్నను ఆ ముక్క మీదే రాసి, సంబంధించిన చోట అంటించాడు. జవాబు అదే ముక్క మీద రాసి తిరిగొచ్చింది. అప్పుడు గాని తన చేతిలో ఉన్నదేమిటో ఫ్రైకి అర్థం కాలేదు. అది పేజీని చూపే గుర్తు మాత్రమే కాదు, పేజీ పక్కన నిలబడి మాట్లాడే కబురు. తోటి ఉద్యోగులకు ఇచ్చి చూశాడు. అయిపోగానే మళ్లీ ఆయన గదికే వచ్చి అడిగారు.

ఆ చీటీకి లేత పసుపు రంగు ఎందుకన్న ప్రశ్న చాలామందికి వస్తుంది. మనస్తత్వశాస్త్రం చదివి ఎంచుకున్న రంగేం కాదు. పక్క ప్రయోగశాలలో చిత్తు కాగితాలు పసుపు రంగువి ఉన్నాయి, వాటినే వాడారు.

తయారీ ఇంజినీర్లు ఇది కుదిరే పని కాదన్నారు. కాగితం చుట్ట మొత్తానికీ జిగురు పూసే యంత్రాలున్నాయి గాని, ఒక అంచుకు మాత్రమే సన్నని పట్టీలా పూసేది లేదు. ఫ్రై తన ఇంటి నేలమాళిగలో అలాంటి యంత్రాన్ని తానే బిగించాడు. తీరా చూస్తే అది తలుపులో పట్టలేదు. బయటికి తేవడానికి గోడ పగలగొట్టవలసి వచ్చింది.

1977లో ప్రెస్ ఎన్ పీల్ అన్న పేరుతో డెన్వర్, రిచ్‌మండ్, టాంపా, టల్సా నగరాల్లో అమ్మకానికి పెట్టారు. ఎవరూ కొనలేదు. ప్రకటన ఎంత చదివినా, ఊడివచ్చే చీటీ దేనికో వాడనివాళ్లకు తెలియదు. కొత్త సరుకుల బాధ్యత చూసే జెఫ్ నికల్సన్, తన పై అధికారి జో రేమీని వెంటబెట్టుకుని రిచ్‌మండ్ వెళ్లాడు. ఆఫీసుల్లో తలుపు తలుపుకూ తిరిగి చీటీల కట్టలు ఊరికే ఇచ్చి వాడమన్నారు. ఇచ్చినచోటల్లా జనం వదలలేదు. 1978లో ఐడహో రాష్ట్రంలోని బాయిసీ పట్టణమంతా అదే పద్ధతిలో పంచితే, వాడిన నూరు మందిలో తొంభై మందికి పైగా కొంటామన్నారు. 1980 ఏప్రిల్ 6న పోస్ట్-ఇట్ నోట్ పేరుతో అమెరికా అంతటా విడుదలైంది, మరుసటి ఏడాది కెనడాకూ ఐరోపాకూ చేరింది. దాన్ని ముందుగా పట్టుకున్నవాళ్లు ఆఫీసుల్లోని సెక్రటరీలు. ఎవరు ఫోన్ చేశారో, ఏ కాగితంలో ఎక్కడ సంతకం పెట్టాలో రోజుకు పదిసార్లు చెప్పవలసిన వాళ్లు వాళ్లే కదా.

పుస్తకం చదివేవాళ్ల చేతిలో ఈ చీటీ చేసిన మార్పు మరో రకం. అంచు ఖాళీలో రాసుకునే అలవాటు పాతదే, కానీ అక్కడ చోటు తక్కువ, రాసింది చెరగదు. చీటీ మీద సందేహం రాసి ఆ పంక్తి పక్కనే పెట్టుకోవచ్చు. నాలుగు అధ్యాయాల తర్వాత జవాబు దొరికితే చీటీని అక్కడికి మార్చుకోవచ్చు, సందేహమే తప్పని తేలితే తీసేయవచ్చు. పుస్తకం ముగిశాక చీటీలన్నీ ఒలిచి, తెల్లకాగితం మీద వరసగా పెట్టుకుంటే వ్యాసానికి ముసాయిదా సిద్ధం. గెస్నర్ కత్తెరతో, పిండిజిగురుతో చేసిన పనే ఇది. తేడా ఏమిటంటే, అతికించాక కూడా ఇక్కడ వరస మార్చుకోవచ్చు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు మరిచిపోయే ఏడాదినో, చట్టంలోని అధికరణ సంఖ్యనో చీటీ మీద రాసి అద్దం పక్కన, బీరువా తలుపు మీద అంటించుకోవడం హైదరాబాదు హాస్టలు గదుల్లో రోజూ కనిపించే దృశ్యం. కంఠతా వచ్చిన చీటీని తీసి పడేస్తారు. గోడ ఖాళీ అవుతున్నకొద్దీ ధైర్యం వస్తుంది.

ఒక్కరి పుస్తకం దాటి పదిమంది గోడకు చీటీ ఎలా ఎక్కిందన్నదానికి జపాన్‌లో ఒక ముందుకథ ఉంది. కవకితా జిరో అనే మానవశాస్త్రజ్ఞుడు నేపాల్ పల్లెల్లో తిరిగి పోగుచేసిన వివరాలను ఎలా కూర్చాలో తోచక, ఒక్కో సంగతిని ఒక్కో కార్డు మీద రాసి బల్ల మీద పరిచేవాడు. పోలిక ఉన్నవాటిని దగ్గరికి చేర్చి, గుంపుకు పేరు తర్వాత పెట్టేవాడు. ముందే పేర్లు పెట్టుకుని కార్డులను వాటిలో కుక్కకూడదన్నది ఆయన పట్టు. 1960లలో ఆయన పేరుతోనే ఈ పద్ధతి జపాన్ కంపెనీల్లోకి పాకింది. బల్ల చుట్టూ నలుగురే నిలబడగలరు. జిగురు చీటీ వచ్చాక ఆ బల్లే గోడగా లేచి నిలబడింది. ఇవాళ మాదాపూర్, గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో చేయవలసినవి, నడుస్తున్నవి, అయిపోయినవి అని మూడు వరసలు గీసి, రంగురంగుల చీటీలు జరుపుకునే బోర్డులకు కార్డుల పద్ధతులే మూలం. వాటిలో ఒకటి కవకితాది, ఇంకొకటి టొయోటా కర్మాగారం కాన్‌బాన్ కార్డులది.

ఆఫీసు గోడ దాటి చీటీ వీధి గోడకూ ఎక్కింది. 2014లో హాంకాంగ్ ఉద్యమకారులు ప్రభుత్వ కార్యాలయాల దగ్గరి మెట్లదారి గోడను చీటీలతో నింపేశారు. 2016 నవంబరులో, అధ్యక్ష ఎన్నికల తర్వాత, న్యూయార్క్ యూనియన్ స్క్వేర్ మెట్రో స్టేషన్‌లో వేల మంది తమ దిగులునూ ఆశనూ రాసి అంటించారు. వాటిలో కొన్నిటిని అక్కడి చరిత్ర సంస్థ భద్రపరచడానికి తీసుకుంది.

భద్రపరిచేవాళ్ల మాట ఇక్కడ చెప్పి తీరాలి. చీటీ శుభ్రంగా ఊడివచ్చినట్టు కంటికి కనిపిస్తుంది గాని, కొంత జిగురు కాగితం మీద మిగిలిపోతుంది. కాలం గడిచేకొద్దీ అక్కడ దుమ్ము పడుతుంది, ఆ చోట కాగితం రంగు మారవచ్చు. పాతబడి పెళుసెక్కిన కాగితమైతే చీటీతోపాటు పైపొర, దాని మీది అచ్చు లేచి వస్తాయి. అందుకే పెద్ద పెద్ద గ్రంథాలయాలు, దస్తావేజుల భాండాగారాలు పాత పుస్తకాలకు వీటిని తగిలించవద్దంటాయి. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట నూరేళ్లనాటి పత్రికల సంపుటాలు తిరగేసేవాళ్లు, ఇళ్లలో తాతల నాటి భారత భాగవతాలు ఉన్నవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆ పేజీ చిరిగితే మళ్లీ అచ్చు వేసేవాళ్లు లేరు. సన్నగా కోసిన తెల్లకాగితం పట్టీ ఒకటి పేజీల మధ్య పెట్టి, రాసుకోవలసింది విడిగా నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు. చదవడం అయ్యాక ఆ పట్టీని మరిచిపోకుండా తీసేయాలి.

కొత్త పుస్తకాలకు వాడేటప్పుడు ఒక చిన్న మెళకువ ఉంది. కట్టలోంచి చీటీని కింది అంచు పట్టుకుని పైకి లాగితే జిగురు పట్టీ దగ్గర కాగితం వంకర తిరుగుతుంది, అంటించాక అడుగు భాగం లేచి నిలబడుతుంది. పక్క నుంచి, పట్టీ వెంబడి అడ్డంగా ఒలిస్తే చదునుగా పడుకుంటుంది, రాలిపోదు కూడా.

సిల్వర్, ఫ్రై ఇద్దరికీ 2010లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ పట్టికలో చోటు దక్కింది. సిల్వర్ 2021 మే నెలలో, 80 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

(వచ్చే సంచికలో: ఒక్కసారి రాస్తే మూడు ప్రతులు – కార్బన్ కాగితం)